నేల పాపాయిది... అటక పిల్లిది!

ఇంట్లో పెంపుడు పిల్లి ఉంది. పాపాయి పాకడం మొదలుపెట్టింది. ఇక చూస్కోండి... అమ్మకు క్షణం తీరికుండదు, నానమ్మకు కంటిమీద కునుకుండదు. ఇద్దర్నీ ఒకే కప్పు కింద పెంచడం ఎలా?

అన్నప్రాశన అయింది. మూతికి అంటిన పరమాన్నం తుడిచి పాపాయిని చాప మీద కూర్చోబెట్టారు. ఎదురుగా పుస్తకం, పెన్ను, బంగారు గొలుసు, గిన్నెలో బియ్యం. చుట్టూ అమ్మమ్మలూ తాతయ్యలూ అత్తయ్యలూ. 'పెన్ను పట్టుకుంటే కలెక్టరే' అని ఒకరు, 'ఆడపిల్ల కదా, గొలుసే పట్టుకుంటుంది చూడండి' అని ఇంకొకరు. పాపాయి ఒకసారి అందరి మొహాలూ చూసింది. బోర్లా పడింది. పొట్ట మీద జరుగుతూ పుస్తకాన్ని దాటింది, గొలుసును మోచేత్తో పక్కకు నెట్టింది, చాప దిగింది. నేరుగా వెళ్లి సోఫా కిందనుంచి బయటకు కనిపిస్తున్న పిల్లి తోకను గుప్పిట పట్టింది!

అంతే. ఓ బుస. ఓ కేక. పిల్లి కిటికీ ఎక్కేసింది. పాపాయి బావురుమంది. చెయ్యి తిప్పి తిప్పి చూస్తే చిన్న గీత కూడా పడలేదు. భయపడి ఏడ్చిందంతే. అయినా భోజనాల దగ్గర చర్చంతా దాని మీదే. 'పసిబిడ్డ తిరిగే ఇంట్లో పిల్లేమిటమ్మా, చోద్యం కాకపోతే' అంటుంది నానమ్మ. 'ఇదీ ఇంట్లో పిల్లే కదత్తయ్యా' అని కోడలు నసుగుతుంది. 'రేపు పొద్దున్నే సంచిలో వేసి చేపల మార్కెట్ దగ్గర వదిలేసి వస్తా. దానికీ తిండి దొరుకుతుంది' అని తాతయ్య తీర్పు చెప్పేస్తారు.

పిల్లిని పెంచుకునే ఇళ్లలో పాపాయికి ఏడో నెల వచ్చిన దగ్గర్నుంచి ఇలాంటి పంచాయతీ ఏదో ఒకరోజు తప్పదు. చాలాసార్లు అది సంచితోనే ముగుస్తుంది. గిన్నెలో పెట్టింది తిని పరుపు మీద పడుకున్న పిల్లికి మార్కెట్లో బతకడం రాదు. అక్కడి కుక్కలూ ఊరుకోవు, అప్పటికే అక్కడున్న పిల్లులూ రానివ్వవు. ఆకలితో దప్పికతో అల్లాడేలా పెంపుడు జంతువును వదిలేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం కూడా. ఆ సంగతి సంచి కట్టేవాళ్లలో ఎక్కువమందికి తెలియదు.

అలాగని, 'మా పిల్లి బంగారమండీ, ఏమీ అనదు' అంటూ పాపాయి ఒళ్లో దాన్ని కూర్చోబెట్టి ఫొటోలు తీసుకోవడమూ అంతే పొరపాటు. పిల్లి ఎంత బంగారమైనా దానికి గోళ్లున్నాయి, పళ్లున్నాయి. పాపాయి ఎంత బంగారమైనా గుప్పిట్లోకి వచ్చినదాన్ని లాగకుండా ఉండలేదు. ఈ రెండు బంగారాల మధ్య పెద్దవాళ్లు చేయాల్సిన ఏర్పాట్లు కొన్ని ఉన్నాయి. అవి చేసుకుంటే సంచితో పనుండదు.

నానమ్మ మాటల్లో నిజమెంత?

'పిల్లి పసిబిడ్డ ఊపిరి పీల్చేస్తుంది' అన్న భయం మన దగ్గరే కాదు, ఇంగ్లండులోనూ వందల ఏళ్లుగా ఉంది. ఊపిరి పీల్చడం అబద్ధం. కానీ ఆ భయం ఊరికే పుట్టలేదు. పిల్లికి వెచ్చదనం అంటే ప్రాణం. దుప్పట్లో చుట్టిన పసిబిడ్డ కన్నా వెచ్చని చోటు ఇంట్లో ఇంకేముంటుంది? చీర ఉయ్యాలలోకి దూకి బిడ్డ పక్కనే, ఒక్కోసారి మొహానికి ఆనుకుని పడుకుంటుంది. పుట్టిన మూడు నాలుగు నెలల దాకా బిడ్డకు దాన్ని నెట్టే బలం ఉండదు, తల పక్కకు తిప్పుకోవడమూ సరిగా చేతకాదు. ఊపిరాడకపోయే ప్రమాదం అక్కడుంది. కాబట్టి బిడ్డ నిద్రపోయే గదిలోకి పిల్లి రాకూడదు. ఈ విషయంలో నానమ్మదే గెలుపు.

ఇంకో సంగతి. గొడుగులా ముడుచుకునే దోమతెరలు ఉంటాయి చూడండి... బిడ్డను పడుకోబెట్టి పైన బోర్లించేవి. అది ఉంది కదా, పిల్లి ఏం చేస్తుందిలే అనుకుంటారు చాలామంది. నాలుగు కిలోల పిల్లి పైనుంచి దూకితే ఆ సన్నటి ఊచలు ఏం ఆగుతాయి? తెరతో సహా బిడ్డ మీద పడుతుంది. దోమతెర దోమలకే. పిల్లికి తలుపే.

ఇక 'పిల్లి వెంట్రుక కడుపులోకి పోతే జబ్బు చేస్తుంది' అన్న మాట. మింగిన ఒకటీ అరా వెంట్రుకలు మర్నాటి విరేచనంలో బయటకు పోతాయి. ఇబ్బందల్లా ఆ వెంట్రుకకు అంటుకున్న ఉమ్మితో. పిల్లి రోజంతా ఒళ్లు నాక్కుంటూనే ఉంటుంది కదా. దాని ఉమ్మిలో, చర్మంలో ఉండే ఒక ప్రొటీన్ కొంతమందికి పడదు. తుమ్ములు, కళ్ల దురద, పిల్లికూతలు మొదలవుతాయి. (ఉబ్బసం శబ్దానికి మనవాళ్లు పిల్లికూతలని ఎందుకు పేరు పెట్టారో గానీ, భలే కుదిరింది.) అందరికీ ఇలా అవుతుందా అంటే, కాదు. ఏడాదిలోపు ఇంట్లో రెండు లేదా అంతకన్నా ఎక్కువ కుక్కలూ పిల్లులూ ఉన్న పిల్లలకు ఆరేడేళ్లు వచ్చాక అలర్జీ లక్షణాలు తక్కువగా కనిపించాయని అమెరికాలో 474 మంది పిల్లల్ని గమనించిన పరిశోధకులు 2002లో ప్రకటించారు. అలాగని అలర్జీ రాకుండా ఉండటానికి పిల్లిని తెచ్చుకోవాల్సిన పనిలేదు. ఆ తర్వాత జరిగిన అధ్యయనాలన్నీ ఒకే మాట చెప్పలేదు. ఉన్న పిల్లిని ఆ కారణంగా వెళ్లగొట్టనక్కర్లేదు, అంతవరకే.

శకునాల సంగతంటారా? ఎదురొస్తే వెనక్కి తిరిగి వచ్చి కాళ్లు కడుక్కునే మనకు వింతగా ఉంటుందేమో గానీ, బెంగాలీల ఇళ్లలో పిల్లల్ని చల్లగా చూసే తల్లి షష్ఠీదేవి. ఆవిడ వాహనం పిల్లి! ఓ ఇంటి చిన్నకోడలు వంటింట్లో దొంగతనంగా తిని, నెపం పిల్లి మీదికి నెట్టేదట. పిల్లికి ఒళ్లు మండి ఆమెకు పుట్టిన బిడ్డల్ని పుట్టినట్టే ఎత్తుకెళ్లి అమ్మవారి దగ్గర దాచేసిందట. కోడలు తప్పు ఒప్పుకున్నాకే బిడ్డలు ఇల్లు చేరారు. ఆ వ్రతకథ వింటూ పెరిగిన పిల్లలు పిల్లిని కాలితో తన్నాలంటే కాస్త ఆలోచిస్తారు.

పాకే ఈడుతోనే పేచీ

బిడ్డ ఉయ్యాలలో ఉన్నన్నాళ్లూ పిల్లి దృష్టిలో అదో వెచ్చని మూట. అప్పుడప్పుడు అరుస్తుంది, పాల వాసన వస్తుంది, అంతే. ఏడు నుంచి పది నెలల మధ్య ఆ మూట నేల మీదికి దిగి కదలడం మొదలుపెడుతుంది. అంతవరకూ తన సొంతమనుకున్న నేల మీద, తన కళ్ల ఎత్తులోనే, కళ్లార్పకుండా తననే చూస్తూ, కిచకిచమంటూ దూసుకొస్తుంది. పిల్లుల భాషలో కళ్లలోకి గుచ్చి చూడటమంటే సవాలు విసరడం. పాపకు అది ముద్దు. పిల్లికి అది ముప్పు.

పైగా ఆ వయసు పిల్లలకు పట్టుకోవడం వచ్చినంత బాగా వదలడం రాదు. బొచ్చు గుప్పెడు దొరికితే గుప్పెడూ లాగుతారు. చెవి దొరికితే నోట్లో పెట్టుకుంటారు. 'మెల్లగా నిమురు నాన్నా' అంటే అర్థం చేసుకునే వయసు ఇంకా ఏడాదిన్నర దూరంలో ఉంది. రోజూ పాపాయి చెయ్యి మన చేతిలోకి తీసుకుని, అరచెయ్యి విప్పి, పిల్లి వీపు మీద తల నుంచి తోక వైపు రెండుసార్లు నిమిరించొచ్చు. అలవాటుకి మంచిదే. కానీ నేర్చుకుంది కదా అని వదిలేసి పోకూడదు. బాధ్యతంతా పెద్దవాళ్లదే. పిల్లిదీ కాదు, పాపదీ కాదు.

పిల్లి ఉన్నట్టుండి రక్కిందని చెబుతుంటారు. ఉన్నట్టుండి రక్కడం అరుదు. ముందు చెవులు వెనక్కి వాలతాయి. తోక చివర టపటపా కొట్టుకుంటుంది. వీపు మీద చర్మం జలదరిస్తుంది. కంటిపాపలు పెద్దవవుతాయి. అప్పటికీ వదలకపోతే బుస. ఆపైన గోళ్లు ముడుచుకునే ఓ చిన్న దెబ్బ. చివరికే గోళ్లు బయటికొస్తాయి. మొదటి రెండు గుర్తులు కనబడగానే పాపాయిని ఎత్తుకుంటే కథ అక్కడితో సరి. మనం చేసే పెద్ద తప్పేమిటంటే, బుస కొట్టిన పిల్లిని చీపురు తీసుకుని కొట్టడం. బుస కొడితే దెబ్బలు పడతాయని తెలుసుకున్న పిల్లి బుస కొట్టడం మానేస్తుంది. ఈసారి హెచ్చరిక లేకుండా నేరుగా గోళ్లే. బుస కొట్టే పిల్లే నయం!

పైకి ఓ దారి

ఇంట్లో పిల్లీ పాపా కలిసి ఉండటానికి అన్నిటికన్నా బాగా పనిచేసే ఉపాయం కానీ ఖర్చు లేనిది. మూల పడిన పిల్లి రక్కుతుంది. పారిపోయే దారి ఉన్న పిల్లి పారిపోతుంది. ఆ దారి మనం చూపించాలి. అది పైకి ఉండాలి.

పాకే బిడ్డకు నేల తప్ప ఇంకేమీ లేదు. పిల్లికి బీరువా ఉంది, ఫ్రిజ్ ఉంది, కిటికీ అంచు ఉంది, తెలుగిళ్లలో అయితే దేవుడిచ్చిన వరంలా అటక ఉంది. హాల్లో ఓ మూల స్టూలు, దాని పక్కన షెల్ఫు, ఆపైన బీరువా... మెట్లు మెట్లుగా పైకి వెళ్లే దారి ఏర్పాటు చేసి, పైన ఓ పాత తువ్వాలు పరిచి, రెండు రోజులు తిండి అక్కడే పెట్టి చూడండి. మూడో రోజు పిల్లి దిగమన్నా దిగదు. వెనకటికి పాలూ పెరుగూ పిల్లికి అందకుండా ఉట్టి మీద దాచేవాళ్లం. ఇప్పుడు పిల్లినే ఉట్టెక్కించాలి. షెల్ఫును మాత్రం గోడకు గట్టిగా మేకులతో బిగించండి. పాపాయి రేపో మాపో దాన్ని పట్టుకుని లేచి నిలబడుతుంది. పైన ఇత్తడి చెంబులూ గాజు సీసాలూ ఉంటే తీసేయాలి. పిల్లి దూకే ఊపులో అవి కింద పడతాయి.

హాల్లో అటక లేని ఫ్లాట్లలో, ఒక గది గుమ్మానికి అడ్డంగా చిన్న గేటు పెట్టుకోవచ్చు. పిల్లి ఒక్క గెంతులో దాటుతుంది, పాపాయి ఆగిపోతుంది. ఆ గదిలో పిల్లి తిండి, నీళ్లు, ఇసుక ట్రే ఉంచేస్తే సగం తలనొప్పి తీరిపోయినట్టే.

ఇంకో చిట్కా. పాపాయిని నేల మీద వదిలే ముందు పది నిమిషాలు పిల్లితో ఆడండి. తాడు చివర గుడ్డముక్క కట్టి లాగితే వేటాడినంత సంబరపడుతుంది. తర్వాత తిండి పెట్టండి. వేట, తిండి, ఒళ్లు నాక్కోవడం, నిద్ర... పిల్లి దినచర్య ఆ వరసలోనే నడుస్తుంది. అది గుర్రుపెట్టే వేళకు పాపాయిని దించితే ఇద్దరికీ హాయి. ఆట అవగానే ఆ తాడు తీసి దాచేయడం మరవద్దు. పిల్లి మింగినా ప్రమాదమే, పాపాయి మెడకు చుట్టుకున్నా ప్రమాదమే. పిల్లి మెడపట్టీకున్న చిరుగంట కూడా ఊడి నేల మీద పడిందంటే నేరుగా పాపాయి నోట్లోకే వెళుతుంది.

పిల్లి చూపుతో నేలను చూడండి

ఓసారి మోకాళ్ల మీద కూర్చుని ఇల్లంతా పాకి చూడండి. నవ్వులాటకు కాదు. పాపాయికి అందేవేమిటో అప్పుడే తెలుస్తుంది. పిల్లి గిన్నెలో మిగిలిన తిండి గింజలు గొంతుకు అడ్డం పడే సైజులోనే ఉంటాయి. తిన్న వెంటనే గిన్నె తీసేయాలి. నీళ్ల గిన్నె ఎత్తులో పెట్టాలి. పిల్లి బయట తిరిగేదైతే వేటాడిన బల్లినో ఎలుకనో తెచ్చి గర్వంగా హాలు మధ్యలో పెడుతుంది. అది మనకు చూపించడానికే తెస్తుందంటారు. చూసే మొదటి మనిషి పాపాయి అయితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

అన్నిటికన్నా జాగ్రత్తగా చూసుకోవాల్సింది ఇసుక ట్రే. పిల్లి పేగుల్లో ఏలికపాములు, కొంకిపురుగులు ఉంటే వాటి గుడ్లు మలంతో పాటు ఇసుకలోకి వస్తాయి. ఇసుకతో ఆడి అదే చెయ్యి నోట్లో పెట్టుకునే బిడ్డ కడుపులోకి అవి చేరతాయి. టాక్సోప్లాస్మా అనే సూక్ష్మజీవి కూడా ఈ దారినే వస్తుంది. గర్భిణులకు డాక్టర్లు పిల్లి ట్రే ముట్టుకోవద్దని చెప్పేది దీని గురించే, ఎందుకంటే అది కడుపులోని బిడ్డకు హాని చేస్తుంది. ఇందులో ఊరటనిచ్చే విషయం ఒకటుంది. ఆ సూక్ష్మజీవి మలంతో బయటికొచ్చాక ఒకటి నుంచి ఐదు రోజులు గడిస్తే గానీ మనకు అంటుకునే స్థితికి రాదు. కాబట్టి రోజూ ట్రే శుభ్రం చేసే ఇంట్లో దాని ఆటలు సాగవు. ఆ పని ఇంటాయనకు అప్పగించేయండి! నాటు పిల్లులు పెరటి మట్టిలోనూ, పక్కింటి వాళ్లు పోయించుకున్న ఇసుక కుప్పలోనూ పని కానిస్తుంటాయి కాబట్టి పాపాయిని ఇసుకలో ఆడించేటప్పుడు అదీ గుర్తుంచుకోవాలి.

పిల్లికి నులిపురుగుల మందు మూడు నెలలకోసారి వేయించాలి. పిల్లి కూనలకైతే ఇంకా తరచుగా, పశువైద్యుడు చెప్పినట్టు. బొచ్చులో గెంతే పురుగులుంటే అదే డాక్టరు దగ్గర మందు తీసుకోవాలి. ఇంట్లో కుక్కకు వాడే మందు ఉంది కదా అని పిల్లికి పూయకండి. వాటిలో కొన్నింట్లో ఉండే పెర్మెత్రిన్ కుక్కకు ఏమీ చేయదు గానీ పిల్లి ప్రాణం తీస్తుంది.

ఇక శుభ్రత పేరుతో మనం చేసే మరో పని. పిల్లి తిరుగుతోందని రోజూ రెండు పూటలా ఫినాయిల్ వేసి తుడవడం. ఫినాయిల్లోని రసాయనాల్ని అరిగించుకునే శక్తి పిల్లి కాలేయానికి లేదు. తడి నేల మీద నడిచి, పాదాలు నాక్కుంటుంది. పాపాయి కూడా అదే నేల మీద అరచేతులు ఆనించి అవే నోట్లో పెట్టుకుంటుంది. సబ్బునీళ్లతో తుడిచి మంచినీళ్లతో మళ్లీ తుడిస్తే చాలు. పిల్లి రాకుండా మూలమూలలా కలరా ఉండలు వేసే అలవాటు ఇంకా ఘోరం. తెల్లగా గుండ్రంగా పిప్పరమెంటు బిళ్లల్లా కనిపించే ఆ ఉండలు పాపాయి మింగితే రక్తకణాలు దెబ్బతింటాయి. పిల్లి కంటే అవి ఎన్నో రెట్లు ప్రమాదం.

రక్కితే... 'ఇంటి పిల్లే కదా' అనొద్దు

మొత్తం ఈ వ్యాసంలో ఒక్క సంగతే గుర్తుంచుకుంటాం అంటే ఇది గుర్తుంచుకోండి. కుక్క కరిస్తే పరుగులు పెట్టే మనం పిల్లి రక్కితే పసుపు అద్ది ఊరుకుంటాం. రేబిస్ కుక్కకు మాత్రమే వచ్చే జబ్బు కాదు. పిల్లికీ వస్తుంది, దాని నుంచి మనిషికీ వస్తుంది. లక్షణాలు బయటపడ్డాక కాపాడటం దాదాపు అసాధ్యం. ముందే టీకా వేయించుకుంటే నూటికి నూరు పాళ్లూ ఆపగలిగే జబ్బూ ఇదే.

ముఖ్యంగా 'సగం మన పిల్లి' ఉన్న ఇళ్లు. వేళకు వచ్చి పాలు తాగి, గోడ దూకి వెళ్లిపోయే పిల్లి అన్నమాట. రాత్రంతా ఎక్కడ తిరిగిందో, ఏ కుక్కతో ఏ పిల్లితో కొట్లాడిందో ఎవరికీ తెలియదు. మన ఊళ్లలో ఉన్నవాటిలో ఎక్కువ ఈ గోడమీది పిల్లులే. పాకే బిడ్డ ఉన్న ఇంట్లో వీటికి వంటింటి కిటికీ మూసేయాలి. పాలు పోయాలనిపిస్తే ప్రహరీ దగ్గర పోయండి. లేదంటే పూర్తిగా మనదాన్ని చేసుకుని, టీకాలు వేయించి, లోపలే ఉంచాలి. మధ్యస్థంగా ఉంచుకోవడం కుదరదు.

పిల్లికి మూడు నెలల వయసులో రేబిస్ టీకా వేస్తారు. ఆ తర్వాత ఏటా బూస్టరు. పదో అంతస్తులో ఉండి గుమ్మం దాటని పర్షియన్ పిల్లికైనా తప్పించకండి. ఆరు నెలల వయసుకే కుటుంబ నియంత్రణ ఆపరేషనూ చేయించాలి. ఆపరేషన్ అయిన గండుపిల్లి ఊరు తిరగడం, కొట్లాటలకు పోవడం బాగా తగ్గిస్తుంది. గోళ్ల చివర్లు రెండు మూడు వారాలకోసారి కత్తిరిస్తే రక్కినా లోతుగా దిగవు. గులాబీ రంగులో కనిపించే నరం దాకా కత్తిరించొద్దు. మొదటిసారి డాక్టరు దగ్గర చూసి నేర్చుకోండి.

ఇన్ని చేసినా ఓ రోజు రక్కిందే అనుకోండి. లేదా పన్ను దిగింది. పాపాయిని నేరుగా కుళాయి దగ్గరికి తీసుకెళ్లాలి. ధారగా పడే నీళ్లలో సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. గడియారం చూసి మరీ కడగండి, ఎందుకంటే ఏడ్చే బిడ్డతో రెండు నిమిషాలే అరగంటలా అనిపిస్తుంది. పసుపు, సున్నం, కారం, కాఫీపొడి, ఆకు పసరు ఏవీ పెట్టకూడదు. కట్టు కట్టకూడదు. అదేరోజు ఆసుపత్రికి వెళ్లాలి.

రక్తం రాని చిన్న గీత పడినా టీకా వేస్తారు. రక్తం వచ్చినా, చీరుకుపోయిన చర్మాన్నో ఒరిసిన చోటునో పెదాల లోపలో పిల్లి నాకినా టీకాతో పాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే మందు కూడా ఎక్కించాలి. టీకా వెళ్లిన రోజు ఒకటి, తర్వాత 3, 7, 28 రోజులకు ప్రభుత్వ ఆసుపత్రుల్లో చర్మంలోకి వేస్తారు. కండకు వేసే పద్ధతిలోనైతే 14వ రోజున ఇంకోటి అదనం. చంటిపిల్లలకు కండకు వేసేది తొడకే, పిరుదుకు వేయరు. పెద్దవాళ్లకు ఎంత మోతాదో పసివాళ్లకూ అంతే. 'ఇంత చిన్నపిల్లకా?' అని భయపడొద్దు. బొడ్డు చుట్టూ 14 ఇంజెక్షన్లు అని ఇప్పటికీ భయపెట్టేవాళ్లున్నారు. ఆ పాత టీకా మన దేశంలో 2004-05 నాటికే పోయింది.

పిల్లిని కొట్టి తరిమేయకండి. పది రోజులు ఇంట్లోనే పెట్టి గమనించడం చికిత్సలో భాగం. పదో రోజు దాకా అది ఆరోగ్యంగా తింటూ తిరుగుతుంటే ఆ విషయం డాక్టరుకు చెప్పాలి, ఆయన మిగతా డోసుల సంగతి నిర్ణయిస్తారు. సంచిలో వేసి వదిలేస్తే ఆ వివరం చేతికి రాదు. అంతేకాదు, పది రోజులు చూద్దాంలే అని మొదటి టీకా ఆపనూ కూడదు. రెండూ ఒకేసారి సాగాలి.

పిల్లి పంటిగాటు పైకి సూది గుచ్చినట్టు చుక్కలా ఉంటుంది, లోపల మాత్రం లోతుగా దిగుతుంది. ఒకరోజు తిరక్కుండానే వాచి ఎర్రబడుతుంది. రక్కిన కొన్ని రోజులకు అక్కడ చిన్న బొడిపె లేచి, చంకలోనో మెడలోనో బిళ్లలు కట్టి జ్వరం వస్తే అదీ డాక్టరుకు చూపించాల్సిందే. పిల్లి కూనల నుంచి వచ్చే ఓ రకం సూక్ష్మజీవి చేసే పని అది. ఒంటి మీద గుండ్రంగా ఎర్రగా తామర మచ్చ కనబడితే పాపాయితో పాటు పిల్లినీ చూపించాలి. ఒక్కరికే మందు రాస్తే తిరిగి తిరిగి వస్తుంది.

పుట్టింటి నుంచి వచ్చేముందు...

మన దగ్గర ఇంకో చిక్కుంది. ఏడో నెలలో పుట్టింటికి వెళ్లిన అమ్మ, బిడ్డకు మూడో నెలో అయిదో నెలో వచ్చాక తిరిగొస్తుంది. అన్ని నెలలు అన్నం పెట్టిన చెయ్యి కనబడక పిల్లి బెంగపడుతుంది. ఒకరోజు ఆ చెయ్యి తిరిగొస్తుంది, కానీ అందులో ఇంకెవరో ఉంటారు! అందుకని వారం ముందే బిడ్డ వాడిన గుడ్డ ఒకటి పంపించి పిల్లి పడుకునే చోటు దగ్గర వేయమనండి. ముందు వాసన పరిచయమవుతుంది. ఇంటికొచ్చిన రోజు బిడ్డను వేరేవాళ్లు ఎత్తుకుంటే, అమ్మ ముందు పిల్లిని పలకరించాలి. తర్వాత అది తనంతట తాను వచ్చి పాదాలు వాసన చూస్తే చూడనివ్వాలి. పట్టుకుని బిడ్డ మొహం దగ్గరికి తేకూడదు. బారసాలకో అన్నప్రాశనకో ఇంటినిండా జనం వచ్చినప్పుడు పిల్లిని ఉదయమే ఓ గదిలో పెట్టి గడియ వేసేయడం మేలు. ఆరోజు దానికి చాకిరీ ఎక్కువ, ఓపిక తక్కువ.

ఇన్నీ చేసినా కొన్ని ఇళ్లలో కుదరదు. పాపాయికి పిల్లి వల్లే ఆయాసం వస్తోందని డాక్టరు తేల్చారనుకోండి. లేదా ఎవరూ ముట్టుకోకుండానే వెంటపడి కరిచే పిల్లి అనుకోండి. అప్పుడు పంపించేయడమే సరైనది. దాన్ని మొండిగా ఉంచుకోవడం ప్రేమ కాదు. అయితే సంచిలో కాదు. పసిపిల్లలు లేని అత్తయ్య ఇంటికో, ఒంటరిగా ఉండే స్నేహితురాలి దగ్గరికో, దాని గిన్నె, దాని తువ్వాలు, టీకాల కార్డుతో సహా పంపించాలి. కొన్ని నెలల తర్వాత వెళ్లి చూసి రావచ్చు కూడా.

మిగతా ఇళ్లలో ఈ గొడవంతా నాలుగైదు నెలలే. పదో నెల దాటేసరికి పాపాయి సోఫా పట్టుకుని నిలబడుతుంది. షెల్ఫులో రెండో అర అందుతుంది. పిల్లి మూడో అరకు మారుతుంది. ఇంకో నెలకు స్టూలు పట్టుకుని మూడో అర కూడా అందుకుంటుంది. అప్పటికి పిల్లి అటక మీద ఉంటుంది. పాత సూట్‌కేసుల మధ్య పడుకుని, అంచు మీదుగా తల బయటపెట్టి కింద జరిగేదంతా చూస్తుంటుంది. తోక మాత్రం లోపలికి లాక్కుని!